మిల్లర్స్ డేల్: పిడికెడు ఇళ్ల ఊరికి ఐదు ప్లాట్‌ఫారాలా?

పాతమ్యాపు: ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో మూతపడ్డ మిల్లర్స్ డేల్ రైల్వే స్టేషన్ గురించి చూస్తున్నా. ఇరుకు లోయ, ఊరు చూస్తే చిన్నది. ఐదు ప్లాట్‌ఫారాలు, పక్కపక్కనే రెండు వయాడక్టులు (లోయ దాటించే పొడవాటి రైలు వంతెనలు) ఎందుకు? మూసింది 1967 మార్చి 6న అంటున్నారు. చివరి రైలు ఆగింది ఆ రోజేనా?

సిగ్నల్‌కేబిన్: ఊరి కోసం కట్టింది కాదండీ, దగ్గర్లోని బక్స్‌టన్ పట్టణం కోసం. 1863లో మిడ్‌లాండ్ రైల్వే కంపెనీ లైను బక్స్‌టన్ దాకా వెళ్లి ఆగిపోయేది. 1867లో మాంచెస్టర్ వైపు దారి దొరికేసరికి మెయిన్ లైను అటు మళ్లింది, బక్స్‌టన్ బ్రాంచి లైన్ అయిపోయింది. లండన్ నుంచి బక్స్‌టన్ వెళ్లేవాళ్లు ఇక్కడ దిగి బండి మారాలి. అందుకే ఎక్స్‌ప్రెస్‌లు ఆగేవి, ప్లాట్‌ఫాం మీదే పోస్టాఫీసు కూడా ఉండేది. బోర్డు మీద ‘టైడ్స్‌వెల్‌కు ఇక్కడ దిగండి’ అన్న అర్థంలో రాసేవారు, ఆ ఊరేమో కొండెక్కితే గానీ రాదు!

గర్డర్: రెండో వయాడక్ట్ 1905ది. సున్నపురాయి గూడ్సులు, బక్స్‌టన్ బళ్లు, ఎక్స్‌ప్రెస్‌లు అన్నీ రానూ పోనూ రెండే ట్రాకుల మీద నడిస్తే, ఒకటి నిలబడితే వెనకవన్నీ నిలబడాల్సిందే. ట్రాకులు పెంచాలంటే నది మీద ఇంకో వంతెన తప్పదు. పాతది చేత ఇనుముతో, కొత్తది ఉక్కుతో కట్టారు. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం సైట్‌లో బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసిన పాత మ్యాపు షీట్లు, మైలుకు 25 అంగుళాల స్కేలువి, ఉచితం. 1905కి ముందుదీ తర్వాతదీ పక్కపక్కన పెట్టండి, ఏం పెరిగిందో కనిపిస్తుంది. మైలుకు ఆరంగుళాల షీటులో ప్లాట్‌ఫారాలు కలిసిపోయి కనిపిస్తాయి, దాన్ని నమ్మి లెక్కపెట్టొద్దు.

సిగ్నల్‌కేబిన్: తేదీ సంగతి. 1967 మార్చి 6 సోమవారం. అక్కడి రికార్డుల్లో మూసిన తేదీ అంటే మామూలుగా రైలు రాని మొదటి రోజు. చివరి బండి అంతకుముందే వెళ్లిపోయింది. ఆదివారం సర్వీసు ఉందో లేదో అప్పటి టైంటేబుల్‌లో చూడండి, లేకపోతే శనివారం, 4వ తేదీ. ఇంకో తిరకాసు: స్టేషన్ మూశాక కూడా దూరపు బళ్లు ఆగకుండా వెళ్లాయి, ఆ దారి 1968లో పోయింది. రెండు తేదీలూ కలిపేస్తే లెక్క తప్పుతుంది.

పాతమ్యాపు: ఇప్పుడేం మిగిలింది?

గర్డర్: ప్లాట్‌ఫారాలు, గూడ్స్ షెడ్డు, కేఫ్‌గా మారిన స్టేషన్ భవనం. పట్టాల దారి ఎనిమిదిన్నర మైళ్ల మోన్సల్ ట్రైల్ అనే నడకదారి అయింది. ఆ దారిలోని పాత రైలు సొరంగాలు 2011లో తెరిచారు. లోపల దీపాలు చీకటి పడ్డాక ఆర్పేస్తారు, టార్చి ఉంచుకోండి. కంపెనీ కాగితాలు కావాలంటే లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ‘రైల్ 491’ వరుస అడగండి.