గేలిక్ పాటల కచేరీకి పోవాల్నా? (గ్లాస్గో)

అందరికీ నమస్తే. సెప్టెంబర్ల ఎమ్మెస్సీకి గ్లాస్గో వచ్చిన. క్లాస్‌మేట్ ఒకడు జనవరిల గేలిక్ పాటల కచేరీ ఉంది రమ్మంటుండు. ఒక్క ముక్క అర్థం కాదు నాకు, పైసలు దండగ అయితయా?

*

వెళ్లు తమ్ముడూ. ముందు ఒకటి, అది స్కాట్లండ్ పాత భాష, ఇక్కడ దాన్ని గాలిక్ అంటారు, గేలిక్ అంటే ఐర్లండ్ భాష అనుకుంటారు. అర్థం గురించి బెంగపడకు, హాల్లో నీ పక్కనోళ్లక్కూడా చాలామందికి రాదు, 2011 జనాభా లెక్కల్లో మాట్లాడేవాళ్లు 57 వేల చిల్లరే. అందుకే చాలామంది సింగర్లు పాటకి ముందు కథేంటో ఇంగ్లీషులో చెప్పేస్తారు.

మీ ఫ్రెండ్ చెప్పేది సెల్టిక్ కనెక్షన్స్ అనే సంగీతోత్సవం అయ్యుంటుంది, 1994 నుంచి ప్రతి జనవరీ చేస్తున్నారు. రాయల్ కాన్సర్ట్ హాల్లో జూలీ ఫౌలిస్ లాంటి పెద్దవాళ్లు పాడితే బానే ఉంటుంది గానీ, నన్నడిగితే మొదట చిన్న హాల్లో, వాయిద్యాల్లేకుండా ఉత్త గొంతుతో పాడేది విను.

నాకు పిచ్చి పట్టించింది వాకింగ్ పాటలు. నడక కాదు బాబూ, స్కాట్లండ్ పడమటి తీరాన హెబ్రిడీస్ దీవుల్లో ఆడవాళ్లు నేసిన ఉన్ని బట్టని తడిపి, బల్ల చుట్టూ కూర్చుని, బాది బాది దళసరి చేసేవాళ్లు, ఆ దెబ్బకి కట్టిన పాటలవి. ఒకావిడ చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు హీ రీ హో రో అని వంత, దానికి అర్థం గిర్థం ఉండదు. ఒకసారి మమ్మల్నీ బల్ల దగ్గరికి పిలిచారు, బట్టని సూర్యుడు తిరిగే వైపే జరపాలంట, నేను ఎదురు తోస్తుంటే పక్కన పెద్దావిడ నా మణికట్టు పట్టుకుని తిప్పింది, స్వెట్టర్ మోచేతుల దాకా తడిసింది, మూడో చరణానికల్లా వంత నోటికొచ్చేసింది. మా అమ్మమ్మ రోకలి పట్టి పాడే దంపుళ్ల పాటే గుర్తొచ్చింది. పూర్వం నానబెట్టింది నిలవ మూత్రంలోలే, ఇప్పుడు నీళ్లే.

*

అక్క చెప్పింది కరెక్ట్. వీలైతే అదే హెబ్రిడీస్‌లో లూయిస్ దీవి సామ్స్ (గాలిక్‌లో పాడే బైబిల్ కీర్తనలు) కూడా విను బ్రో, ఒకాయన లైన్ అందిస్తే అందరూ ఎవరి గమకం వాళ్లు వేసుకుంటూ అందుకుంటారు, సముద్రపు హోరులా ఉంటుంది. అది ప్రార్థన, చర్చిలో అయితే చప్పట్లు కొట్టకు, నేను కొట్టా 😅

*

బుక్ చేసిన అక్కా. బల్ల కాడికి పిలిస్తే మాత్రం ముందుగాల నీళ్లేనా అని అడుగుత.