కుళాయి నీళ్ల గురించి కుర్రకారు మాట్లాడితే కాలనీ పెద్దలు వినాలంటే ఎలా?

పాతగుంటూరు పిల్ల:
అన్నలూ, అక్కలూ, మా వీధిలో ఇంటర్, డిగ్రీ చదివేవాళ్లం 14 మందిమి ఉన్నాం, ఆరుగురం అమ్మాయిలం. ఇళ్లకొచ్చే కుళాయి పైపులు సైడు కాలువలోంచే వెళ్తాయి. నీళ్లు వదిలిన కాసేపు ఒకటే వాసన. కాలనీ మీటింగులో ఈ మాట ఎత్తితే "మీరు చదువుకోండమ్మా, మేం చూసుకుంటాం" అంటారు. ఇన్‌స్టాలో వీడియో పెడదామని కొందరు, కలెక్టరేట్ ముందు కూర్చుందామని కొందరు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

బ్రాడీపేట 4/14:
వీడియో, ధర్నా రెండూ ఇప్పుడే వద్దు. "నీళ్లు బాగోలేవు" అని మీరంటే "బాగానే ఉన్నాయిగా" అని ఇంకొకరు అనేస్తారు, అక్కడితో సరి. ఫలానా డోర్ నంబరు, ఫలానా తేదీ, ఉదయం 6.10కి క్లోరిన్ సున్నా అని కాగితం చూపిస్తే అలా అనడం కష్టం.

ముందు అసలు ఏం జరుగుతోందో అందరూ అర్థం చేసుకోండి. నీళ్లు రోజంతా రావు కదా, వదలనప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది. కాలువలో మునిగిన జాయింటుకు చిల్లుంటే మురుగు లోపలికి చేరుతుంది. మళ్లీ వదిలినప్పుడు ముందు బయటికొచ్చేది అదే. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఈ లాగుడు ఇంకా ఎక్కువ. 2018 మార్చిలో ఆనందపేటలో అతిసారం ఎలా ప్రబలిందో పాత గుంటూరు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

నీళ్లలో క్రిములను చంపే క్లోరిన్ ఎంత మిగిలిందో చూపే చిన్న కిట్ క్లోరోస్కోప్. అదొకటి కొనండి, లేదా వార్డు సచివాలయంలో ఉంటే వాళ్ల చేతే చూపించమనండి. ట్యూబులో గీత దాకా కుళాయి నీళ్లు పట్టి, కిట్ మీద రాసినన్ని ఆర్థోటోలిడిన్ అనే మందు చుక్కలు వేసి, పసుపు రంగును పక్కనున్న రంగులతో వెంటనే పోల్చాలి. ఆలస్యమైతే రంగు ముదిరి అంకె ఎక్కువ చూపిస్తుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. బిందెలోవీ, డ్రమ్ములోవీ పరీక్షిస్తే లెక్కలోకి రాదు, నిల్వ నీళ్లలో క్లోరిన్ ఎగిరిపోతుంది. ఆ మందు విషం. చేతులకు గ్లవ్స్ ఉండాలి, పరీక్షించిన నీళ్లు తాగేవాటిలో కలవకూడదు.

వీధి మొదట్లో రెండిళ్లు, మధ్యలో రెండు, చివర రెండు. ఒక్కో ఇంట్లో నీళ్లు వదిలిన వెంటనే ఒకసారి, పది నిమిషాలాగి ఇంకోసారి. వారం రోజులు చాలు. మురుగు కలిస్తే క్లోరిన్ ఖర్చయిపోతుంది. కాబట్టి మొదట్లో 0.2 ఉండి చివర సున్నా వస్తే మధ్యలో ఎక్కడో లోపం ఉందని అనుమానించవచ్చు. మొదట్లోనే సున్నా అయితే మీ వీధి కాలువను నిందించి లాభం లేదు, ట్యాంకు దగ్గర అడగాలి. అనుమానమున్న ఇంట్లో, మురుగు క్రిములుంటే నల్లబడే హెచ్‌టూఎస్ సీసా కూడా వాడండి. లోపల వేలు తగలకుండా గీత వరకు నింపి, మూత బిగించి, గది వేడిలో ఉంచి 24 గంటలకు, 48 గంటలకు చూడండి. నల్లబడితే మురుగు కలిసిందన్న అనుమానం గట్టిపడినట్టే. అది రుజువు కాదు, ల్యాబ్ పరీక్ష అడగడానికి ఆధారం. నల్లబడిన సీసాలో బ్లీచింగ్ కలిపాకే పారబోయండి.

కృష్ణలంక అక్క:
పరీక్షల సంగతి అన్నయ్య చెప్పారు. నేను మనుషుల సంగతి చెబుతా. 14 మంది కూర్చుంటే గొంతున్న ముగ్గురే మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపుతారు. అందుకని ముందు మూడు నిమిషాలు అందరూ చీటీ మీద రాయాలి, పేరు వద్దు. చీటీలు కలిపి ఎవరి చేతికొచ్చింది వాళ్లు చదవాలి. ఆ తర్వాతే చర్చ, మనిషికి రెండు నిమిషాలు. నడిపేవాళ్లు వారానికొకరు మారాలి, అందులో అమ్మాయిల వంతు ఎగ్గొట్టకండి. టీకొట్టు దగ్గర రాత్రి ఎనిమిదింటికి పెట్టి "అమ్మాయిలు రావట్లేదు" అంటే ఎవరు మాత్రం వస్తారు? సాయంత్రం అయిదున్నరకు, బడి వరండాలోనో కమ్యూనిటీ హాల్లోనో పెట్టుకోండి.

పెద్దల మీటింగుకు చెప్పకుండా వెళ్లి నిలదీయకండి. రెండు రోజుల ముందే అధ్యక్షుడి ఇంటికి ఇద్దరు వెళ్లి "బాబాయ్, మొదట్లోనే మాకు అయిదు నిమిషాలివ్వండి" అని అడగండి. చివరికి నెట్టేస్తే అందరూ చెప్పులేసుకుంటూ ఉంటారు. చార్టు మీద వీధి పటం గీసి, క్లోరిన్ లేని ఇళ్లకు ఎర్ర చుక్క పెట్టండి. మోటార్లున్న ఇళ్ల పేర్లు మాత్రం అక్కడ చదవొద్దు, నీళ్ల గొడవ కాస్తా ఇళ్ల గొడవైపోతుంది. అడగాల్సింది ఒక్కటే: అర్జీ మీద సంతకాలు. పార్టీ కండువాతో ఎవరైనా ఫొటోకు వస్తే మర్యాదగా ఆపండి, రెండో పార్టీ ఇళ్లవాళ్లు సంతకం పెట్టరు.

పాతగుంటూరు పిల్ల:
థాంక్యూ అక్కా. మాలో అయిదుగురికి 18 నిండలేదు, వాళ్లూ సంతకం పెట్టొచ్చా? అర్జీ ఎవరికివ్వాలి?

అర్జీల గుమాస్తా:
పెట్టొచ్చు. కాకపోతే అర్జీదారు పేరు, ఫోన్ నంబరు 18 నిండినవాళ్లవి ఇవ్వండి, ఫోన్లు వాళ్లకే వస్తాయి. 17 నిండినవాళ్లు ఓటరు నమోదుకు ఫారం 6 ముందుగానే ఇవ్వొచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు 1వ తేదీల్లో 18 నిండే తేదీని బట్టి పేరు చేరుతుంది. ఈ పనితో పాటు అదీ కానివ్వండి.

మొదట వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. రసీదు నంబరు లేకుండా బయటికి రావద్దు, 1100కు ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందో అడగాలంటే అదే కావాలి. నీళ్లు, వీధి దీపాలు, కుక్కలు ఒకే కాగితంలో కలిపితే అర్జీ ఒక విభాగానికే పోతుంది, మిగతావి గాల్లో కలుస్తాయి. "తగు చర్యలు తీసుకోగలరు" అని ముగిస్తే "చర్యలు తీసుకున్నాం" అనే వస్తుంది. "ఈ డోర్ నంబర్ల సర్వీసు పైపులు కాలువ నుంచి పైకెత్తి గోడకు క్లాంపులతో బిగించాలి" అని రాయండి.

ఒక మెలిక ఉంది. మెయిన్ లైను నుంచి ఇంట్లోకొచ్చే సర్వీసు పైపు ఖర్చు చాలాచోట్ల ఇంటివాళ్లదే అంటారు. అది ఎవరు భరించాలో సంతకాలకు ముందే కార్పొరేషన్ అసిస్టెంట్ ఇంజినీరును (ఏఈ) అడిగి తెలుసుకోండి. పని మొదలయ్యాక ఈ మాట బయటపడితే సంతకం పెట్టినవాళ్లే వెనక్కి లాగుతారు.

జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు. కార్పొరేషన్‌కు ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. "ఎందుకు బాగుచేయలేదు" అని అడిగితే జవాబు రాదు, ఎందుకన్నది రికార్డు కాదు కాబట్టి. మీ వార్డు క్లోరిన్ పరీక్షల రిజిస్టరు, పైపుల మరమ్మతు అంచనాలు, మీ అర్జీ మీద అధికారులు రాసిన నోట్‌ఫైలు, వీటి నకళ్లు తేదీలతో అడగండి. 30 రోజులు దాటితే మొదటి అప్పీలు అదే ఆఫీసులో పై అధికారికి.

పని అయిందని మెసేజ్ వచ్చినా సంబరపడకండి. అవే ఆరిళ్లలో, అదే వేళకు మళ్లీ క్లోరిన్ చూడండి. 0.2 రాకపోతే కొత్త అర్జీ వద్దు, పాత నంబరు మీదే రీఓపెన్ చేయమనండి.