అప్‌డేట్: ఈత రాకుండానే బెలీజ్ ఏటీఎం గుహకు వెళ్లొచ్చాను

ఈత రాని నేను మధ్య అమెరికా దేశం బెలీజ్‌లో, ప్రాచీన మాయన్ జాతి వాళ్ల కుండలు, అస్థిపంజరాలు ఉన్న ఆక్తున్ తునిచిల్ ముక్నాల్ గుహకు (అందరూ ఏటీఎం అంటారు) వెళ్లగలనా అని పోయిన నెల ఇక్కడే అడిగాను. వెళ్లొచ్చాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చిన సలహా ఒక్కటే: లైఫ్ జాకెట్ కావాలని బుకింగ్ అప్పుడే చెప్పడం. గుహ నోట్లోనే కాళ్లు అందని నీళ్లు. గైడ్ నా జాకెట్ పట్టీ పట్టుకుని లాగేశాడు. టెన్షన్ అంతా ఆ ఒక్క నిమిషమే. లోపల చాలావరకు నడవొచ్చు, కొన్నిచోట్ల మెడదాకా వస్తాయి.

ఫోన్ తడవకుండా వాటర్‌ప్రూఫ్ పౌచ్ కొనడం మీద అప్పుడు మనం చేసిన చర్చంతా దండగ. ఓ టూరిస్టు కెమెరా జారి అక్కడి ఓ ప్రాచీన పుర్రె మీద పడ్డాక, 2012 నుంచి లోపలికి కెమెరాలు, ఫోన్లు నిషేధం. నేను కొన్న హెడ్‌ల్యాంప్ కూడా అనవసరం, హెల్మెట్‌తో పాటు వాళ్లే ఇచ్చారు.

సాక్స్ మాత్రం మర్చిపోకండి. పైనున్న పొడి గదిలో బూట్లు విప్పేసి సాక్స్‌తోనే నడవాలి. మాయన్ల కుండలు సున్నపు పొరలో నేలకు అతుక్కుపోయి అడుగు దూరంలోనే ఉంటాయి. చివర్లో ‘క్రిస్టల్ మెయిడెన్’ అనే అస్థిపంజరం. లైటు పడగానే ఎముకలు పటికబెల్లంలా మెరిశాయి.