హాస్టల్లో గజ్జి: 64 మందికీ ఒకే రాత్రి మందు పూయించడం ఎలా?

నమస్తే అండి. మగపిల్లల హాస్టల్, 6 నుంచి 10వ తరగతి దాకా. డాక్టరుగారు రాసింది పెర్మెత్రిన్ 5 శాతం క్రీము. మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద కూడా పట్టించి, 8 నుంచి 14 గంటలుంచి కడగాలి. వారం తర్వాత మళ్లీ పూయాలి. దురద ఉన్నవాళ్లకే పూస్తే లాభం లేదు, పైకి కనపడకముందే పక్కవాడికి అంటేస్తుంది.

చిక్కంతా దుప్పట్ల దగ్గరే. ఒక్కొక్కడికి ఒకటే. ఉడకబెడదామంటే వంటగుండిగలు ఇవ్వరు (అదీ న్యాయమే). మూటగట్టి వారం పక్కన పెడదామంటే కప్పుకోవడానికి లేదు. పొద్దున 5:30కి బెల్లు, 7:30కి టిఫిను, స్నానాలకు 8 కుళాయిలు.

దసరా సెలవుల నుంచి తిరిగొచ్చిన రాత్రే మొదలుపెట్టాలా, వెళ్లేముందా? హాస్టళ్లు నడిపినవాళ్లు ఏ వరుసలో చేశారో కాస్త చెప్పండి.