మిస్టర్ 880: ఆ ముసలాయన్ని చూసి నవ్వాలా, ఒళ్ళు మండాలా?

పాతబొమ్మ:
రాత్రి మళ్ళీ చూశాను. 1950 నాటి సినిమా. దొంగనోట్ల ముసలాయనగా ఎడ్మండ్ గ్వెన్, వెతికే ఏజెంటుగా బర్ట్ లాంకాస్టర్. ఇంట్లోనే చిన్న చేతిప్రెస్సు, దాని పేరు ‘కజిన్ హెన్రీ’! కొట్టేది ఒక డాలరు నోట్లే. నిజంగా జరిగిన కథే ఇది. న్యూయార్క్‌లో ఎమెరిక్ యూట్నర్ అనే పెద్దాయన 1938 నుంచి 1948 దాకా దొరకలేదు. దొంగనోట్ల వాళ్ళని పట్టుకునే అమెరికా సీక్రెట్ సర్వీసు వాళ్ళ దగ్గర ఆయన ఫైలు నంబరే 880. నోటు మీద వాషింగ్టన్ పేరు స్పెల్లింగులో ఎస్, హెచ్ తారుమారైనా జనం తీసేసుకున్నారు. ఇంత హాయైన దొంగ సినిమా ఇంకోటి ఉంటే చెప్పండి.

గల్లాపెట్టె:
హాయి మీకు. ఆ నోటు దీస్కున్న దుకాణపాయన మొఖం ఒక్కపారన్న సక్కగ సూపెట్టిండ్రా?

పాతబొమ్మ:
ఒక మనిషికి ఒకటే నోటండీ, రెండోసారి ఇవ్వడు. అదీ ఆయన నియమం. పోయేది ఒక్క డాలరు.

డల్లాస్_బాబాయి:
అప్పటి డాలరు ఇప్పటి డాలరు కాదు. పది, పదిహేను వేసుకోండి.

గల్లాపెట్టె:
నాది కిరాణం. నిరుడు దసరా ముందురోజు గల్లాల ఒక దొంగ 500 నోటు వడ్డది. బ్యాంకుకు తీస్కపోతే దాని మీద ముద్ర గుద్ది, ఆడనే వెట్టుకుని, నా చేతిల రసీదు వెట్టిండ్రు. పైస రాలే. నూనె ప్యాకెట్టు మీద నాకు మిగిలేది రూపాయో రెండో. ఆ ఒక్క నోటు కోసం ఎన్ని ప్యాకెట్లు అమ్మాల్నో లెక్క జేస్కోండ్రి. ఇచ్చినోడు గూడ మీ ముసలాయన లెక్కనే నవ్వుకుంట ఇచ్చిండొచ్చు.

లాపాయింటు:
రసీదు ఇవ్వడం రూలే. ఒకేసారి నాలుగు దొంగనోట్ల దాకా అయితే బ్యాంకు నెలాఖరున పోలీసులకి రిపోర్టు పంపుతుంది. ఐదయితే ఎఫ్ఐఆర్. అచ్చుకొట్టినవాడికి మన దగ్గర యావజ్జీవం దాకా పడొచ్చు.

వేపచెట్టు:
స్పెల్లింగు చూసుకోకుండా తీసుకున్నవాడిదే తప్పు 😄

గల్లాపెట్టె:
పండుగ పూట కౌంటర్ ముంగట ఇరవై మంది నిలవడితే నోటు మీద అక్షరాలు సదువుకుంట కూసుంటరా సారూ?

పాతబొమ్మ:
వెటకారాలు వద్దు. ఆ పెద్దాయనకి పడిన శిక్ష తెలుసా? ఏడాది మీద ఒక రోజు, జరిమానా ఒక్క డాలరు. నాలుగు నెలలకే బయటికొచ్చాడు. పట్టుబడింది కూడా ఎంత విడ్డూరంగానో! ఫ్లాట్ తగలబడితే ఫైరింజన్ వాళ్ళు సామానంతా కిందికి విసిరేశారు, దాని మీద మంచు పడింది. ఆ తర్వాత పిల్లలకి నోట్లు దొరికితే ఆట డబ్బులనుకున్నారు. దొంగనోట్ల మీద కంటే సినిమా హక్కుల మీదే ఆయనకి ఎక్కువ ముట్టిందంటారు. కోర్టుకే జాలేసింది, మీకెందుకండీ అంత కసి?

గల్లాపెట్టె:
సినిమా పైసలల్లకెళ్లి ఆ దుకాణపోళ్లకు ఒక్క డాలరన్న ముట్టిందా?

వేపచెట్టు:
అన్నా, ఏ థ్రెడ్ చూసినా నీ 500 నోటే. ఇక వదిలెయ్.

గల్లాపెట్టె:
వదల. మా తమ్ముడు ఏమన్నడో తెల్సా? పొద్దుగూకినంక కూరగాయల ముసలమ్మకు ఇచ్చెయ్యి, ఆమెకు కండ్లు సరిగ కనవడయి అన్నడు. నేను ఇయ్యలే. నోరు మూస్కుని బ్యాంకుకు వోయిన. ఇయ్యనోనికి రసీదు, కొట్టినోనికి సినిమానా? గదే నా మంట. సమజైందా ఇప్పుడు?

పాతబొమ్మ:
అయింది. నేనూ ఒకటి చెప్తాను, నవ్వకండి. మా నాన్న రేషన్ షాపులో తూకం వేసేవాడు. కిలోకి యాభై గ్రాములు తక్కువ. ఆ మిగులుతోనే నా స్కూలు ఫీజు కట్టాడు. దొరికిపోయాక బజార్లో ఎవరూ పలకరించలేదు. ఈ సినిమాలో ఏజెంటు పట్టుకుంటాడు, కేసూ పెడతాడు, అయినా ఆ ముసలాయన తరఫున కోర్టులో నాలుగు మాటలు చెప్తాడు. మా నాన్నకి అలా చెప్పినవాడు ఒక్కడు లేడు. ఏటా నేను చూసేది ఆ ఒక్క సీను కోసం.

గల్లాపెట్టె:
మీ నాయిన సంగతి నేనేమన సారూ. ఏజెంటు మాట్లాడుడు నాకూ నచ్చింది. కని యాభై గ్రాములు దక్కువ వోయినోళ్ల ఇండ్లల్ల గూడ ఫీజులు కట్టే పిల్లలున్నరు గద.

పాతబొమ్మ:
ఉన్నారు. మా క్లాసులోనే ఉన్నారు.

డల్లాస్_బాబాయి:
1938 లెక్క మళ్ళీ చూశానండీ. పదిహేను కాదు, ఇరవై డాలర్లు దాటుతోంది.