అంత్యక్రియల ఖర్చు ముందుగానే చెల్లించి పెట్టుకోవడం మంచిదేనా?

నల్లకుంట టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. వయసు 71. నల్లకుంటలో సొంత ఫ్లాటులో ఒక్కదాన్నే ఉంటున్నాను. అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి పుణెలో స్థిరపడ్డారు. మావారు కాలం చేసినప్పుడు మా మరిది, వీధిలోని పెద్దలు నలుగురు ముందు నిలబడి, పాడె కట్టించడం దగ్గర నుంచి పన్నెండో రోజు భోజనాల దాకా అన్నీ నడిపించారు. ఇప్పుడు మరిది లేడు, ఆ వీధిలో ఉన్న ఇళ్లన్నీ అపార్ట్‌మెంట్లయ్యాయి. రేపు నాకేదైనా అయితే విమానం దిగి వచ్చే అబ్బాయి, ఈ ఊళ్లో శ్మశానం ఎక్కడుందో కూడా తెలియని అల్లుడు ఎవరిని పట్టుకుని ఏ పని చేయించుకోవాలన్నదే నా దిగులు.

ఈమధ్య మా వయోవృద్ధుల సంఘానికి ఒక ప్రైవేటు సంస్థ ప్రతినిధి వచ్చాడు. ఇప్పుడు 1,20,000 రూపాయలు కడితే, ఎప్పుడు అవసరం పడినా ఫ్రీజర్ బాక్సు, వాహనం, పాడె సామగ్రి, పురోహితుడు, దహనం, అస్థికల సేకరణ, మరణ ధ్రువీకరణ పత్రం అన్నీ వాళ్లే చూస్తారట. ధరలు ఎంత పెరిగినా పైసా అదనంగా అడగరట. కరపత్రం నున్నటి కాగితం మీద అందంగా అచ్చువేశారు గాని, వెనకవైపు అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’ అన్న మాట తప్ప ఆ షరతులేమిటో ఎక్కడా లేదు.

అమ్మాయి దగ్గర ఈ మాట ఎత్తితే, ‘సంధ్యవేళ ఇవేం మాటలమ్మా’ అని ఫోను పెట్టేసింది. డబ్బుకు ఇబ్బంది లేదు, పింఛను వస్తోంది. కట్టమంటారా? వద్దంటే, నాలాంటివాళ్లు ఈ ఏర్పాటు మరోలా ఎలా చేసుకోవాలి?

విశ్రాంత బ్యాంకు మేనేజరు, అల్వాల్

టీచరు గారూ, కట్టకండి. ఏర్పాటు చేసుకోవాలన్న మీ ఆలోచన నూటికి నూరుపాళ్లు సబబైనదే. తొందరపడకూడనిది చెల్లింపు విషయంలో మాత్రమే. మీకు భగవంతుడు ఇంకో ఇరవై ఏళ్ల ఆయుష్షు ఇస్తే, అప్పటికి ఆ సంస్థ ఉంటుందో, చేతులు మారుతుందో, బోర్డు తిప్పేస్తుందో ఎవరు చెప్పగలరు? పైగా వాళ్లు ఒప్పుకున్న పని సరిగా చేశారో లేదో చూసి నిలదీయడానికి డబ్బు కట్టిన మనిషి ఉండరు. రసీదు ఏ బీరువాలో ఉందో పిల్లలకు తెలియకపోతే ఆ డబ్బు ఎవరి ఖాతాలో మిగిలిపోతుందో మీరే ఊహించుకోండి.

అదే మొత్తాన్ని మీ పేరుతోనే ఉంచుకునే మార్గం ఉంది. మీరు, మీ అమ్మాయి కలిసి ఒక ఉమ్మడి పొదుపు ఖాతా తెరవండి. దాన్ని ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో పెట్టించండి. అప్పుడు ఒకరు లేకపోయినా రెండోవారు ఖాతాను నడుపుకోవచ్చు. నామినీ పేరు రాయించాం కదా, చాలునని చాలామంది అనుకుంటారు. నామినీకి డబ్బు ఇవ్వాలంటే మరణ ధ్రువీకరణ పత్రం, గుర్తింపు పత్రాలు, క్లెయిము ఫారం కావాలి. అవన్నీ సమర్పించాక పరిష్కారానికి బ్యాంకుకు 15 రోజుల గడువు ఉంటుంది. వాహనం మనిషి, కట్టెలవాడు ఆ పూటే డబ్బు అడుగుతారు గనుక మొదటిరోజు ఖర్చుకు నామినేషన్ అక్కరకు రాదు. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకునే వీలు వచ్చింది. అది మిగతా డిపాజిట్ల విషయంలో అబ్బాయి, అమ్మాయి ఇద్దరి పేర్లూ రాయడానికి పనికొస్తుంది.

వడ్డీ కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేసేటట్లయితే ఒక మెలిక ఉంది. ఉమ్మడి డిపాజిట్టే అయినా, ఒకరు పోయాక మిగిలినవారు గడువుకు ముందే తీసుకోవడానికి అనుమతిస్తున్నామని ఇద్దరూ సంతకం చేసిన మ్యాండేట్ ఇచ్చి ఉండాలి. అది లేకపోతే మిగతా వారసుల సంతకాలు తెమ్మంటారు. కౌంటరులో వాళ్లు తమంతట తాము చెప్పరు, మీరే అడిగి ఇవ్వండి. నేను కౌంటరుకు అవతలి వైపు కూర్చున్నవాణ్ణి గనుక ఇంత ఖాయంగా చెబుతున్నాను. ఏటీఎం కార్డు, పిన్ను ఎవరికో ఇచ్చి ‘తర్వాత తీసేసుకోండి’ అనే పద్ధతి మాత్రం వద్దు. ఖాతాదారు చనిపోయాక కార్డు వాడటం చట్టరీత్యా తప్పు, వారసుల మధ్య మాట పట్టింపు వస్తే అదే పెద్ద తగవవుతుంది.

మీరు ప్రభుత్వ పింఛనుదారు కాబట్టి మట్టి ఖర్చుల కింద కొంత మొత్తం ట్రెజరీ ద్వారా కుటుంబానికి వస్తుంది. అది కాగితాలన్నీ పెట్టుకున్న తర్వాత వచ్చేదే. పింఛను చెల్లింపు ఉత్తర్వు నకలు పిల్లలకు దొరికేచోట ఉంచండి, మరణవార్త ట్రెజరీకి వెంటనే తెలియజేయాలని కూడా చెప్పండి. ఆగకుండా జమ అయిన పింఛనును తర్వాత వసూలు చేస్తారు.

న్యాయవాది, కూకట్‌పల్లి

పెద్దలు చెప్పినదానికి చట్టపరంగా కొన్ని మాటలు చేరుస్తాను. మన దేశంలో అంత్యక్రియల ముందస్తు చెల్లింపు పథకాలకంటూ ప్రత్యేకమైన నియంత్రణ సంస్థ లేదు. ఆ సంస్థ కంపెనీగా నమోదైనదైతే, 2014 నాటి డిపాజిట్ స్వీకరణ నియమాల ప్రకారం, సేవ కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లోగా ఆ సేవకు సర్దుబాటు చేయాలి. చేయకపోతే సాధారణంగా దాన్ని డిపాజిట్‌గానే లెక్కిస్తారు. ఎప్పుడు అందించాలో తెలియని సేవకు ఇవాళే పూర్తి డబ్బు తీసుకునేవారు ఈ నియమానికి ఏం సమాధానం చెబుతారో రాతపూర్వకంగా అడగండి. ‘ఇది బీమా’ అంటే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు చూపమనండి. సేవాలోపం జరిగితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు గాని, మూతపడిన సంస్థ మీద తీర్పు తెచ్చుకున్నా వసూలు కావడం కల్ల.

బిల్లులో జీఎస్టీ వేస్తే ఒప్పుకోవద్దు. అంత్యక్రియలు, ఖననం, దహనవాటిక, మార్చురీ సేవలు, పార్థివదేహాన్ని తరలించడం ఇవన్నీ జీఎస్టీ చట్టం మూడో షెడ్యూలులో ఉన్నాయి. వాటి మీద పన్ను లేదు.

వీలునామా రాసుకుని ఉంటే మంచిదే, ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. అయితే ‘నా కర్మకాండ ఇలా చేయండి’ అన్న కోరికను వీలునామాలో మాత్రమే రాసి ఊరుకోకండి. మన ఇళ్లలో వీలునామా బయటికి తీసేది పన్నెండో రోజు దాటాకే. ఆ కోరికలు వేరే కాగితం మీద, తెలుగులో, తేదీ వేసి సంతకం చేసి, నకళ్లు పిల్లలిద్దరికీ, నమ్మకమైన ఒక స్థానికుడికి ఇవ్వండి. ఖర్చు ముందుగా ఎవరు పెట్టుకున్నా భయం లేదు: 1925 నాటి భారత వారసత్వ చట్టం 320వ సెక్షన్ ప్రకారం, సహేతుకమైన అంత్యక్రియల ఖర్చును, ఆఖరి నెల వైద్య ఖర్చును ఆస్తిలో నుంచి మిగతా అప్పులన్నిటికంటే ముందు చెల్లించాలి.

బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న సికింద్రాబాదువాసి

నేనుండే దేశంలో ఈ వ్యాపారం పాతది, అందుకని దాని దెబ్బలూ పాతవే. 2022 మార్చిలో ఇక్కడ ఒక ముందస్తు అంత్యక్రియల సంస్థ కూలిపోయి, దాదాపు 46,000 మంది కట్టిన ప్లాన్లు గాలిలో కలిశాయి. అదే ఏడాది జూలై 29 నుంచి ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ అనుమతి లేకుండా అలాంటి ప్లాన్లు అమ్మకూడదన్న నిబంధన అమలులోకి వచ్చింది; కట్టిన డబ్బు ట్రస్టులోనో బీమా పాలసీలోనో భద్రంగా ఉండాలి. అంత కట్టుదిట్టం ఉన్నచోటే జనం ఆచితూచి కడుతున్నారు. అమెరికాలో 1984 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, అంత్యక్రియల సంస్థలు అడిగినవారికి ఏ వస్తువుకు ఎంత, ఏ సేవకు ఎంత అని విడివిడిగా ధరల పట్టిక ఇవ్వాలి. ఈ ఒక్క అలవాటును మీరు హైదరాబాదులోనూ తెచ్చుకోవచ్చు: మొత్తం ప్యాకేజీ ధర వద్దని, విడి ధరలు రాసి ఇమ్మని అడగండి. ఇవ్వనంటే అక్కడితో వదిలేయవచ్చు.

మియాపూర్ నుంచి

అందరూ ఆ సంస్థలను దొంగలన్నట్టే మాట్లాడుతున్నారు. నాకు అది న్యాయంగా తోచలేదు. మా నాన్నగారు తెల్లవారుజామున పోయినప్పుడు ఇలాంటి సేవలందించేవారికే ఫోను చేశాం. చెప్పిన వేళకు వాహనం వచ్చింది, మా శాఖ పురోహితుడిని తెచ్చారు, డబ్బు దహనమయ్యాకే తీసుకున్నారు. నలుగురు మగవాళ్లు లేని ఇంట్లో అది చిన్న సాయం కాదు. టీచరు గారు అలాంటివారిని ముందే చూసి పెట్టుకుని, పేరు మాత్రం నమోదు చేయించుకుని, చెల్లింపు ఆ రోజుకే వదిలేస్తే సరిపోతుంది. ఇంకొకటి గమనించండి. ఇలాంటి ప్యాకేజీలు అస్థికలతోనే ఆగిపోతాయి. దశదిన కర్మ, దానాలు, పెద్దకర్మ భోజనాలు వాటిలో ఉండవు, అసలు ఖర్చంతా అక్కడే. ‘భోజనాలు దగ్గరి బంధువులకే, మిగిలింది ఫలానా అనాథాశ్రమానికి’ అని మీరు రాసిపెడితే పిల్లల మీద లోకం నోరు పడదు.

అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, రామంతాపూర్

డబ్బు సంగతి తేలింది కాబట్టి ఆ రోజు జరిగే పనులు చెబుతాను. ఇంట్లో మరణం సంభవిస్తే మొదట కావలసింది వైద్యుడు. మరణకారణం ధ్రువీకరిస్తూ, అప్పటిదాకా చికిత్స చేసిన డాక్టరు ఇచ్చే కాగితం లేకపోతే శ్మశానంలోనూ, ఆ తర్వాత మరణ నమోదులోనూ చిక్కులే. ఒంటరిగా ఉండేవారు పెద్ద ఆసుపత్రుల చుట్టూ తిరిగినా, ఇంటి దగ్గర ఒక డాక్టరుకు తరచుగా చూపించుకుంటూ ఉండటం ఇందుకే అవసరం. కొత్త డాక్టరు పిలవగానే వచ్చి సంతకం చేయడు, చేయకపోవడం కూడా న్యాయమే. ఆ కాగితం, ఆధార్, శ్మశానం ఇచ్చే దహన రసీదు ఈ మూడూ భద్రం చేసుకుని 21 రోజుల్లోగా మరణాన్ని నమోదు చేయించాలి. దాటితే ఆలస్య రుసుము, నెల దాటితే అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరమవుతాయి.

మీ అబ్బాయి డాలస్ నుంచి రావాలంటే ఒకటి రెండు రోజులు వేచి ఉండాలి. ఫ్రీజర్ బాక్సు మామూలు లిఫ్టులో పట్టదు, స్ట్రెచరు నిలువుగా పెట్టలేరు. మూడో అంతస్తు నుంచి మెట్ల మీద మలుపు మలుపుకూ ఒరిగిస్తూ దించాలి. అందువల్ల మా అపార్ట్‌మెంటులో పార్కింగులోనే ఒక మూల కుళాయి, ప్లగ్ పాయింటు, జనరేటరు లైను ఉన్న చోటును కేటాయించి, తీర్మానం రాసి ఉంచాం. కొన్నిచోట్ల అద్దెకున్నవారిని శవంతో గేటు లోపలికి రానివ్వడం లేదన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. మీది సొంత ఫ్లాటే అయినా సంఘంతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

మీకు దగ్గరిది అంబర్‌పేట శ్మశానవాటిక. మీరు ఒకసారి వెళ్లి కట్టెలతోనా, యంత్రంతోనా, రుసుము ఎంత, ఎన్ని గంటల దాకా తీసుకుంటారు అని అడిగి రాసుకోండి. అమ్మాయి నిప్పు పెట్టడానికి మీకు ఇష్టమేనా అన్నది కూడా అదే కాగితంలో స్పష్టంగా రాయండి. అబ్బాయి విమానం ఆలస్యమైతే అప్పటికప్పుడు తేల్చవలసిన మాట అది. అస్థికలు బాసరలో గోదావరిలోనా, వాడపల్లిలో కృష్ణా మూసీ సంగమంలోనా అన్నదీ అంతే.

నారాయణగూడ నుంచి

మా క్రైస్తవుల్లో ముందస్తు ఏర్పాటు కొత్తేమీ కాదు. నగరంలో సమాధి స్థలం కరువు కాబట్టి చాలా కుటుంబాలు పాత కుటుంబ సమాధిలోనే మళ్లీ భూస్థాపన చేస్తాయి. దానికి సంఘ సభ్యత్వ చందా బకాయి లేకుండా ఉండటం, స్థలం రసీదు, సమాధి ఎవరి పేరున ఉందో వారి సమ్మతి పత్రం చూపవలసి వస్తుంది. మా అమ్మ ఆ కాగితాలన్నీ బైబిలు సంచిలోనే పెట్టి, ఆదరణ కూడికలో, అంటే మరణానంతరం జరిగే ప్రార్థన కూటమిలో, పాడవలసిన కీర్తనల పేర్లు కూడా రాసి ఉంచింది. డబ్బు ఎవరికీ ముందుగా ఇచ్చింది లేదు.

నల్లకుంట టీచర్

అందరికీ కృతజ్ఞతలు. సంస్థకు డబ్బు కట్టను. అమ్మాయిని వచ్చే సెలవుల్లో బ్యాంకుకు తీసుకెళ్లి ఉమ్మడి ఖాతా తెరిపిస్తాను. అంబర్‌పేటకు నేనే వెళ్లివస్తాను. ఒక్క సందేహం మిగిలింది: నేత్రదానం చేయాలని ఉంది. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషను అయింది, మధుమేహం కూడా ఉంది. పనికొస్తాయా? అబ్బాయి వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుందా?

విశ్రాంత నర్సు, బోరబండ

పనికొస్తాయమ్మా. శుక్లాల ఆపరేషను, మధుమేహం అడ్డు కావు. వాళ్లు తీసుకునేది కార్నియాను, అంటే కంటి ముందువైపు ఉండే పారదర్శకమైన పొరను. అయితే సుమారు ఆరు గంటల్లోగా తీసుకోవాలి గనుక అబ్బాయి కోసం ఆగవద్దు. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన నేత్రనిధికి ఫోను చేస్తే ఇంటికే వచ్చి తీసుకుంటారు, ఖర్చేమీ ఉండదు, ముఖం వికారంగా మారదు. వారు వచ్చేలోగా రెప్పలు మూసి తడిపిన దూది పెట్టాలి, ఫ్యాను ఆపాలి, తల కింద దిండు వేసి కాస్త ఎత్తుగా ఉంచాలి. మీరు ప్రతిజ్ఞ పత్రం రాసినా, చివరికి సమ్మతించవలసింది దగ్గర ఉన్న కుటుంబ సభ్యులే. అందుకని అమ్మాయికి, పక్క ఫ్లాటువారికి ఆ నంబరు ఇచ్చి, ఫ్రిజ్ తలుపు మీద కూడా ఒక చీటీ అతికించండి.