చిన్న హోటల్‌లోకి వెళ్ళే ముందు రేటింగ్ చూడాలా, అక్కర్లేదా?

దారినపోయే దానయ్య:
ఆఫీసులో ఒక ఫ్రెండ్‌కీ నాకూ రెండు వారాలుగా ఇదే గొడవ, ఎంతకీ తేలట్లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. మూడు నెలల క్రితం నేనో నియమం పెట్టుకున్నా. వారానికోసారి, నడిచి వెళ్ళగలిగే దూరంలో, అంతకుముందెప్పుడూ వెళ్ళని చిన్న హోటల్ ఏదో ఒకటి కనబడితే ఫోన్ తీయకుండా నేరుగా లోపలికెళ్ళి కూర్చోవాలి. రేటింగ్ చూడను, ఫొటోలు చూడను, ఎవర్నీ అడగను. ఇప్పటికి పదకొండయ్యాయి. నాలుగు చాలా బాగున్నాయి, అయిదు పర్లేదు, రెండింట్లో మాత్రం సగంలో వదిలేసి లేచొచ్చా. మావాడేమో "అర నిమిషం ఫోన్ చూస్తే పోయేదానికి కడుపుతో జూదమాడతావేంట్రా" అంటాడు.

నేననేది ఏంటంటే, రేటింగ్ చూసి వెళ్తే ఇక నేను తెలుసుకునేది ఏమీ ఉండదు, నలుగురూ అన్నది నిజమో కాదో సరిచూసుకుని రావడమే. నాకు నచ్చిన ఆ నాలుగింట్లో ఒకటి ఎలా దొరికిందంటే, వాన మొదలైతే ఓ చూరు కింద నిలబడ్డా, వెనక్కి తిరిగి చూస్తే అది హోటల్. ఆరే టేబుళ్ళు. గోడ మీద నల్లబోర్డు, చాక్‌పీసుతో రాసిన అయిదు పేర్లు, అందులో రెండు అప్పటికే తుడిచేసి ఉన్నాయి, తడిగుడ్డతో తుడిచిన చార ఇంకా ఆరలేదు. టైమ్ ఒంటిగంటన్నరే. మిగిలిన మూడింట్లో ఏది తెమ్మంటారని కూడా ఆయన అడగలేదు, నా మొహం చూసి ఒకటి తెచ్చిపెట్టాడు. ఇంటికొచ్చాక చూస్తే దాని రేటింగ్ 3.6. ముందే చూసుంటే వానలో తడుస్తూ పక్క సందుకి పోయేవాణ్ణి. ఇప్పుడు చెప్పండి, రేటింగ్ నాకు మేలు చేసేదా, కీడు చేసేదా?

నైట్‌షిఫ్ట్:
3.6 అంటే నేనైతే గుమ్మం తొక్కను. 4 కింద ఏదైనా కట్. డ్యూటీ దిగేసరికి ఒళ్ళు హూనమైపోయి ఉంటుంది అన్నా, అప్పుడు ప్రయోగాలు ఎవడు చేస్తాడు?

లెక్కల పంతులు:
నైట్‌షిఫ్ట్ తమ్ముడూ, ఆ 4 అనే గీత ఎక్కణ్ణుంచి తెచ్చావు? చిన్న హోటళ్ళ దగ్గర అంకెలు ఎంత తేలిగ్గా ఊగుతాయో చూడు. ఒక హోటల్‌కి తొమ్మిది రివ్యూలున్నాయి, ఎనిమిది మంది 5 ఇచ్చారు, ఒకరు 4, సగటు 4.9. పదో మనిషి ఇంట్లో గొడవపడొచ్చి 1 కొట్టాడు. సగటు 4.5కి పడిపోయింది. అదే 1200 రివ్యూలతో 4.2 ఉన్న పెద్ద హోటల్‌కి అదే మనిషి అదే 1 కొడితే అది 4.2గానే ఉంటుంది, కదలదు. దానయ్య గారి 3.6 వెనక ఎన్ని రివ్యూలున్నాయో చూడకుండా ఆ అంకెకి అర్థం లేదు.

ఇంకోటి. శాన్‌ఫ్రాన్సిస్కో హోటళ్ళ మీద 2012లో ఒక పరిశోధన వచ్చింది, నాకు భలే నచ్చింది. అప్పట్లో యెల్ప్ అనే రివ్యూల సైట్ సగటుని దగ్గర్లో ఉన్న అర స్టార్‌కి సర్ది చూపించేది, అంటే 3.74 ఉన్నదానికి మూడున్నర స్టార్లు, 3.76 ఉన్నదానికి నాలుగు. వంటలో ఈ రెంటికీ తేడా ఏముంటుంది చెప్పండి, ఏమీ ఉండదు. కానీ ఆ అర స్టార్ ఎక్కువ కనబడినచోట సాయంత్రం ఏడు గంటల టేబుళ్ళు పూర్తిగా నిండిపోవడం 19 శాతం పాయింట్లు పెరిగింది. అంటే జనం తిండిని బట్టి కాదు, సర్ది చూపించిన అంకెని బట్టి క్యూ కట్టారన్నమాట.

అలాగని దానయ్య గారి పద్ధతికీ నేను ఓటేయను. పదకొండింటికీ ఒక్కోసారే వెళ్ళి నాలుగు బాగున్నాయి, రెండు చెత్త అని తేల్చేశారు కదా, అది కూడా ఒక్క రివ్యూ మీద పెట్టిన రేటింగే. రాసినవాడు వేరే ఎవరో కాకుండా మీరే, అంతే తేడా.

దారినపోయే దానయ్య:
పంతులు గారూ, ఆఖరి లైను గట్టిగానే తగిలింది. ఆలోచిస్తా.

ఇద్దరు పిల్లల అమ్మ:
ఒంటరిగా తిరిగే మగవాళ్ళకి ఇలాంటి నియమాలు బాగానే ఉంటాయండీ. మా చిన్నోడికి ఒక రకం గింజ పడదు, పొరపాటున తగిలినా పెదాలు వాచిపోతాయి. నేను వెళ్ళకముందే చదవాలి, ఫోన్ చేసి అడగాలి, వెళ్ళాక మళ్ళీ అడగాలి. "అది వేయమమ్మా" అని చెప్పే తొందర చూస్తేనే తెలిసిపోతుంది లోపల కనుక్కుని చెప్తున్నాడో, నన్ను వదిలించుకోడానికి చెప్తున్నాడో. నేను స్టార్లు చూడను, మాటలు చదువుతా. "పాపకి పడదంటే వేరే గిన్నెలో చేసిచ్చారు" అని ఎవరో ఒక్కరు రాసుంటే నాకదే చాలు, 3.6 అయినా వెళ్తా. అందుకని "చూడాలా వద్దా" అన్న ప్రశ్నే నాకు వింతగా ఉంది, ఏం చూడాలన్నది అడగండి.

ఇంకో మాట, ప్రతి హోటల్ తలుపు మీదా శుభ్రత గ్రేడు అంటించాలని నా కోరిక. లాస్ ఏంజెలెస్‌లో 1998 నుంచి ఎ, బి, సి కార్డులు కిటికీలో పెడుతున్నారు. దాని తర్వాత శుభ్రత మెరుగయ్యిందనీ, తిండి వల్ల ఆసుపత్రి పాలయ్యేవాళ్ళు తగ్గారనీ చదివాను.

లెక్కల పంతులు:
మేడమ్, ఆ ఆసుపత్రి లెక్క మీద పేచీ ఉంది. 2019లో ఇంకో బృందం అదే డేటా పెంచి మళ్ళీ చూసి, ఆ తగ్గుదల నిలబడదని రాసింది. కార్డు ఉండొద్దని కాదు, అది కూడా ఇన్‌స్పెక్టర్ వచ్చిన ఒక్క పూట లెక్కే అంటున్నా.

ఇద్దరు పిల్లల అమ్మ:
ఒక్క పూటైనా ఎవరో ఒకరు వంటింట్లోకి వెళ్ళి చూశారు కదండీ. మనం అదీ చూడం.

గరిట:
వంటింట్లో పద్నాలుగేళ్ళు పనిచేశా, ఇప్పుడు మానేశా, కాబట్టి మొహమాటం లేకుండా చెప్తా. మీరంతా ఫోన్‌లో వెతుకుతున్నది గుమ్మం దగ్గర నిలబడితే సగం తెలుస్తుంది.

మొట్టమొదట మెనూ. ఎనిమిది టేబుళ్ళున్న హోటల్‌కి నూట ఇరవై ఐటమ్స్ ఉన్న మెనూ ఉందంటే వెనక్కి తిరిగి వచ్చేయండి. లోపల ఉన్నది ఇద్దరో ముగ్గురో, నూట ఇరవై రకాలు అప్పటికప్పుడు చేయడం ఎవడి తరమూ కాదు, ముందే చేసి డబ్బాల్లో పెట్టినవి వేడిచేసి ఇస్తారు. దానయ్య గారు చెప్పిన నల్లబోర్డు ఉంది చూశారా, అయిదు రాసి రెండు తుడిచేసింది, నాకు ఆ ఒక్క ముక్క చాలు. అయిపోయిందని చెప్పే హోటల్ అంటే మిగిల్చి రేపు పెట్టని హోటల్ అయ్యే అవకాశం ఎక్కువ.

రెండోది మనం వెళ్ళే టైమ్. వండింది 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య ఉంటే సూక్ష్మజీవులకి పండగే, మామూలు వేడిలో రెండు గంటలకి మించి వదిలేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తుంది. జనం వస్తూ పోతూ ఉన్నప్పుడు వంట పొయ్యి మీంచి నేరుగా ప్లేట్లోకి వస్తుంది. మధ్యాహ్నం నాలుగింటికి, ఎవరూ లేని హాల్లో, ఫ్యాన్ కింద మీరొక్కరే కూర్చుంటే మీ ముందుకొచ్చేది ఎప్పటిదో ఆ మాస్టర్‌కే తెలియాలి. అదే హోటల్, అదే మాస్టర్, ఒంటిగంటకి 5 స్టార్లు, నాలుగింటికి 2. ఆ సగం వదిలేసి వచ్చిన రెండింటికీ ఎన్నింటికి వెళ్ళారు దానయ్య గారూ?

మూడోది, టేబుల్ తుడిచే గుడ్డ. ఎండిపోయి కర్రలా ఉందా, నల్లగా నానిపోయి కంపు కొడుతుందా, లేక పక్కన నీళ్ళ గిన్నెలో ముంచి పిండుతున్నారా. హాల్లో జనం చూస్తుండగా గుడ్డ అలా ఉంటే లోపల ఎవరూ చూడనిచోట ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ గుడ్డ సంగతి ఏ రివ్యూలోనూ నాకింతవరకు కనబడలేదు, గోడల రంగు గురించి మాత్రం పేరాలు పేరాలు రాస్తారు.

దారినపోయే దానయ్య:
గరిట గారూ, ఒకటి మూడున్నరకి, ఇంకోటి రాత్రి పదిన్నరకి, వాళ్ళు కుర్చీలు ఎత్తేస్తుంటే. దొరికిపోయా.

నైట్‌షిఫ్ట్:
అంటే నా డ్యూటీ టైమ్‌కి ఏ హోటల్‌కి వెళ్ళినా అదృష్టమే అంటారు. థ్యాంక్స్ అన్నా, ఆకలి చచ్చిపోయింది.

సరే కానీ ఒకటి ఒప్పుకుంటా, రేటింగులు ఎంత తేలిగ్గా వండొచ్చో 2017లో లండన్‌లో తేలిపోయింది. ఊబా బట్లర్ అనే విలేకరి తను ఉండే తోట షెడ్డునే హోటల్ అని ట్రిప్అడ్వైజర్ అనే రివ్యూల సైట్‌లో పెట్టి, షేవింగ్ ఫోమ్ లాంటివాటితో వంటకాల ఫొటోలు తీసి, ఫ్రెండ్స్ చేత రివ్యూలు రాయిస్తే కొన్ని నెలల్లో అది లండన్‌లోనే నంబర్ వన్ అయి కూర్చుంది. లేని హోటల్‌కి టేబుల్ కావాలని ఫోన్లు. అయినా సరే 4 కింద వెళ్ళను, అది నా జబ్బు.

గల్లాపెట్టె:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా. నేను ఒక చిన్న హోటల్ నడుపుతున్నా, ఎక్కడో చెప్పను, చెప్తే ప్రచారం అంటారు.

మీరంతా స్టార్లు చూడాలా వద్దా అని సరదాగా వాదించుకుంటున్నారు, మాకది నెల జీతాల లెక్క. అప్పట్లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న మైకేల్ లూకా సియాటిల్ హోటళ్ళ మీద చేసిన పరిశోధన 2011లో వచ్చింది, యెల్ప్‌లో ఒక్క స్టార్ పెరిగితే అమ్మకం 5 నుంచి 9 శాతం పెరిగిందని. ఆ పెరుగుదల సొంతంగా నడిపే హోటళ్ళకే, చైన్ హోటళ్ళకి రేటింగుతో పనిలేదట, బోర్డు చూసే జనం వచ్చేస్తారు. అంటే ఒకడి కోపం పడేది మా మీదే.

నాకొచ్చిన ఒంటి స్టార్లు చెప్తా వినండి. ఒకాయన సెలవు రోజు వచ్చి, షట్టర్ ఫొటో తీసి, "మూసి ఉంది" అని 1 ఇచ్చాడు. ఒకావిడకి పార్శిల్ గంట ఆలస్యమైంది, తెచ్చినవాడు మా మనిషి కాదు, యాప్ వాడు, స్టార్ మాత్రం మాది. ఇంకొకరు "బాగుంది, మళ్ళీ వస్తాం" అని రాసి 1 నొక్కారు, అదేంటో ఇప్పటికీ అర్థం కాలేదు, 1 అంటే మొదటి ర్యాంకు అనుకున్నారేమో. ఈలోగా వారానికొకడు ఫోన్ చేసి ఇంత ఇస్తే యాభై రివ్యూలు పెట్టిస్తానంటాడు. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి దొంగ రివ్యూలు కొనడం, అమ్మడం నిషేధించారు. నాకు ఫోన్ చేసేవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. కొనలేదు నేను. కొన్నవాడు మా వీధిలోనే ఉన్నాడు, వాడికి 4.7.

అసలు బాధ వేరే. రోజూ వచ్చి అదే కుర్చీలో కూర్చుని, ఇష్టంగా తిని, నాతో కబుర్లు చెప్పి వెళ్ళేవాళ్ళు నలభై మంది దాకా ఉంటారు. వాళ్ళలో ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. ఎందుకు రాస్తారు, వాళ్ళకి ఫోన్ అక్కర్లేదు, దారి తెలుసు. రాసేది కడుపు మండినవాడో, మరీ మురిసిపోయినవాడో. దానయ్య గారూ, మీరు రేటింగ్ చూడకపోతే మాకేం నష్టం లేదు, సంతోషం. కానీ ఆ నల్లబోర్డు హోటల్‌కి మీరేమైనా రాశారా?

దారినపోయే దానయ్య:
లేదండీ. నిజం చెప్పాలంటే కావాలనే రాయలేదు. ఆరే టేబుళ్ళు కదా, రాస్తే జనం ఎగబడతారు, నాకు చోటు దొరకదని.

గల్లాపెట్టె:
అనుకున్నా. ఆయనకి ఆ ఆరు టేబుళ్ళూ నిండితేనే అద్దె. మీరు దాచుకుంటే ఇంకో ఏడాదికి మీకు మిగిలేది షట్టరే.

లెక్కల పంతులు:
భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఇలాంటి లెక్కే కాగితం మీద వేశాడు: ఇంకా ఎన్నిసార్లు తినబోతున్నామో దాన్ని బట్టి, కొత్తది ప్రయత్నించాలా, నచ్చినదానికే పోవాలా అని. ఇంకా చాలా పూటలుంటే వెతకడమే లాభం, ఊరు వదిలే రోజులు దగ్గరపడితే నచ్చినచోటికే పోవాలి. ఆ లెక్కలో ఒక ఊహ ఉంది, నచ్చినది ఎప్పటికీ అక్కడే ఉంటుందని. గల్లాపెట్టె గారు దాని మీదే దెబ్బ కొట్టారు.

ఇద్దరు పిల్లల అమ్మ:
రాసేటప్పుడు "సూపర్, తప్పక వెళ్ళండి" అని రాయకండి, అలాంటివి వంద చదివినా నాకు ఏమీ తెలియదు. ఎన్నింటికి వెళ్ళారో, ఏం అడిగితే ఏం చెప్పారో రాయండి.

గరిట:
గుడ్డ సంగతి కూడా.

దారినపోయే దానయ్య:
ఇవాళ మళ్ళీ వెళ్ళా, ఒంటిగంటకి. పెట్టిన రివ్యూ ఇదీ:

"రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ మధ్యాహ్నం. ఆరు టేబుళ్ళు, పది నిమిషాలు నిలబడాల్సి వచ్చింది. బోర్డు మీద అయిదే ఉంటాయి, రెండు గంటలకల్లా సగం అయిపోతాయి, ఆలస్యంగా వెళ్ళి తిట్టుకోవద్దు. ఏం వేశారని అడిగితే వంటాయన్నే బయటికి పిలిచి చెప్పించారు. టేబుల్ గుడ్డ ముంచి పిండి తుడుస్తున్నారు. ఇవాళ ఒకదాంట్లో ఉప్పు కాస్త ఎక్కువైంది, చెప్తే ఒప్పుకున్నారు. చెయ్యి కడిగే చోట సబ్బు లేదు." నాలుగు స్టార్లు.

గల్లాపెట్టె:
ఇంత రాసి నాలుగేనా?

దారినపోయే దానయ్య:
సబ్బు లేదండీ.

నైట్‌షిఫ్ట్:
ఇప్పుడెంతైంది? 4 దాటిందా?

దారినపోయే దానయ్య:
3.7.